ఎద్దు పుండూ, కాకీ, నేనూ

మొన్న ఒక వాట్సాప్ గ్రూపులో ముప్ఫై సెకన్ల వీడియో ఒకటి వచ్చింది. ఏదో కొండదారి, తడిసిన రాళ్లు. గోధుమరంగు గుర్రం ఒకటి ముందుకాళ్లు మడతపడి కూలబడింది. ఒకతను కర్రతో దాని డొక్కలో బాదుతున్నాడు. అది లేవబోయింది, గిట్టలు జారాయి, మళ్లీ పడింది. అతను మళ్లీ బాదాడు. వీడియో అంతే.

గంటలో గ్రూపంతా భగ్గుమంది. "వీణ్ణీ ఇలాగే బాదాలి" అన్నారు ఒకరు. "ఉరి తీసినా పాపం లేదు" అన్నారు ఇంకొకరు. "మనిషి కాదు, మృగం" అని మరొకరు రాస్తే దానికి వరసపెట్టి దణ్ణాల బొమ్మలు. (గుర్రం తరఫున తిట్టాలన్నా మనకు మృగం అనే తిట్టే దొరుకుతుంది, చూడండి.) నేనూ ఒక మాట అన్నాను. అదేమిటో ఇక్కడ రాస్తే పోయేది నా పరువే కాబట్టి వదిలేస్తున్నాను.

రాత్రి పడుకోబోయే ముందు ఎందుకో మళ్లీ చూశాను. ఈసారి గుర్రాన్నీ కర్రనూ వదిలేసి పక్కలకి చూశాను. మొదటి మూడు సెకన్లలో, ఫ్రేము ఎడమ అంచున, ఒక కాలు ఉంది. తెల్లటి స్పోర్ట్స్ షూ, మడిచిన జీన్సు. జీనుకి వేలాడే రికాబులోంచి, అంటే ఎక్కినవాళ్లు కాలు పెట్టుకునే కొక్కెంలోంచి, పాదాన్ని బయటికి లాక్కుంటోంది. ఆ తర్వాత ఒక చెయ్యి కిందికి వచ్చి ప్యాంటుకంటిన బురద దులిపింది. మనిషి మొహం కనబడదు. అన్ని మెసేజుల్లో ఆ కాలు గురించి ఒక్కరంటే ఒక్కరు మాట్లాడలేదు.

ఎందుకు మాట్లాడలేదో నాకు తెలుసు. ఆ కాలు నాది కాదని ప్రమాణం చేయగలను. కానీ అలాంటి కాలు నాకూ ఉంది.

ఎనభై నాలుగు కిలోలు

నాలుగేళ్ల కిందట నేనూ ఇలాంటి కొండ ఒకటి ఎక్కాను. కొండ పేరు అనవసరం. టూరిస్టుల్ని గుర్రాల మీద పైకి చేర్చే ఏ కొండకి వెళ్లినా కథ ఇంచుమించు ఇదే. నడిస్తే రెండున్నర గంటలు పడుతుందన్నారు. మోకాళ్లు నొప్పులని నాకు నేనే చెప్పుకుని గుర్రం మాట్లాడుకున్నాను. అప్పుడు నా బరువు 84 కిలోలు. భుజాన కెమెరా బ్యాగు, అందులో నీళ్ల సీసాలు అదనం.

సగం దారిలో టీకి ఆగాం. దిగి, గుర్రంతో ఫొటో తీసుకుని, పక్కకి జరిగేసరికి జీను కింద గుడ్డ తొలగి ఉంది. వెన్నుకి ఒక పక్కగా అరచెయ్యంత పుండు. అంచుల్లో వెంట్రుకలు రాలిపోయి చర్మం నల్లగా మొరటుబారింది. మధ్యలో మాత్రం ఎర్రగా, తడిగా ఉంది. ఈగలు ముసురుతున్నాయి. ఈగ వాలినప్పుడల్లా ఆ కాస్త మేర చర్మం గబుక్కున వణికేది. గుర్రం మాత్రం కదిలేది కాదు.

నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటిదాకా గుర్రమతన్ని "మీరు" అంటున్నవాణ్ణి ఒక్కసారిగా "నువ్వు"లోకి దిగిపోయాను. "నువ్వసలు మనిషివేనా? ఇంత పుండు పెట్టుకుని జీనెలా కట్టబుద్ధయింది నీకు?" అని అందరూ వినేలా అరిచాను. నాకంటే పదేళ్లు పెద్దవాడై ఉంటాడు. నేను అరుస్తున్నంతసేపూ గుర్రం నుదుటి మీది జుట్టు సర్దుతూ నిలబడ్డాడు. అంతా అయ్యాక, "ఎక్కేటప్పుడు చూసుకోలేదా సార్?" అన్నాడు. అందులో వెటకారం లేదు. తెలుసుకుందామనే అడిగాడు.

మిగతా సగం నడిచే వెళ్లాను. మోకాళ్లకు ఏమీ కాలేదు. డబ్బు మొత్తం ఇచ్చేశాను కాబట్టి మనసు కూడా తేలిగ్గానే ఉంది. సాయంత్రం దిగి వస్తుంటే అదే గుర్రం ఇంకొకాయన్ని మోసుకుంటూ నాకు ఎదురొచ్చింది.

ఇంటికొచ్చాక చట్టం ఏమంటుందో చూశాను. బరువులు లాగే, మోసే జంతువుల గురించి మన దేశంలో 1965లోనే నిబంధనలు పెట్టారు. గాడిద మీద 50 కిలోలు, తట్టువ మీద 70, కంచరగాడిద మీద 200, ఒంటె మీద 250 దాటకూడదు. రోజు మొత్తం మీద 9 గంటలకు మించి పని చేయించకూడదు. విశ్రాంతి ఇవ్వకుండా ఏకబిగిన 5 గంటలు దాటకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు పనే పెట్టకూడదు. ఇవి మూటల్ని దృష్టిలో పెట్టుకుని రాసిన లెక్కలు. మూటైనా నయం, కుదురుగా కూర్చుంటుంది. నేను అటూ ఇటూ వంగి ఫొటోలు తీశాను. నేనెక్కింది పొట్టి గుర్రం, అంటే తట్టువే. ఆ 70 లెక్కన చూసుకున్నా బ్యాగు కాకుండానే 14 కిలోలు ఎక్కువ.

విమానం ఎక్కేటప్పుడు నా సూట్‌కేసు రెండు కిలోలు ఎక్కువైతే పక్కకి పిలిచి డబ్బు కట్టించుకున్నారు. కొండ కింద నన్ను తూచినవాళ్లు లేరు. తూచమని నేనూ అడగలేదు.

జంతువుల కోసం నోరు విప్పేవాళ్లంటే నాకు గౌరవమే. నా పేచీ అల్లా ఆ నోరు ఎవరి ముందు విప్పుతున్నామన్నదే. మన గొంతు ప్రతిసారీ కర్ర పట్టుకున్న చేతి దగ్గరే ఆగిపోతోంది, రికాబులో ఉన్న కాలి దాకా వెళ్లడం లేదు. ఆ కాలితో మాట్లాడనంతవరకూ మనం చేస్తున్నది జంతువు తరఫు వకాల్తా కాదు, మన కడుపుమంట చల్లార్చుకోవడం.

మూగ అనే మాట

"ఎద్దు పుండు కాకికి నొప్పా?" అంటారు కదా. ఈ సామెతని ఇన్నేళ్లూ ఒకరి బాధ ఇంకొకరికి తెలియదు అనే అర్థంలోనే వాడాను. ఇప్పుడు ఇంకోలా వినబడుతోంది. కాడి ఒరుసుకుని ఎద్దు మెడ పుండవుతుంది. ఆ పుండు చేసింది కాకి కాదు. అది తర్వాత వచ్చి, వాలి, పొడుచుకు తిని పోతుందంతే. కాబట్టి తప్పు చేశానని కాకికి ఎప్పటికీ అనిపించదు. అడిగితే తను కర్రే పట్టలేదంటుంది.

మన మాటల్లోనే జంతువు మీద రెండు రకాల చూపు ఉంది. ఒకటి, "గొడ్డును బాదినట్టు బాదాడు", "గొడ్డు చాకిరీ" లాంటివి. గొడ్డును బాదడమనేది ఉపమానంగా పనికొచ్చేంత మామూలు విషయమన్నమాట. రెండోది జాలి మాట: మూగజీవాలు, నోరులేని జీవాలు. నాకు ఈ రెండో దాని మీదే అనుమానం ఎక్కువ. అవి చెప్పడం లేదు కాబట్టి మనకు తెలియలేదు అనుకునే వీలు అందులో ఉంది.

2014లో కొందరు పరిశోధకులు, ఆపరేషన్ అయిన గుర్రాలను గమనించి, మొహం చూసి నొప్పిని లెక్కగట్టే పద్ధతి ఒకటి తయారుచేశారు. ఆరు గుర్తులు. చెవులు వెనక్కి బిగుసుకోవడం. కనురెప్పలు సగం వాలిపోవడం. కంటికి పైన బిగువు పెరిగి ఎముక తేలడం. దవడ కండరాలు గట్టిపడటం. మూతి బిగిసి గడ్డం పొడుచుకురావడం. ముక్కుపుటాలు బిగదీసుకోవడం. ఒక్కో గుర్తుకి సున్నా నుంచి రెండు దాకా మార్కులు. ఇది చదివాక నేను ఫోన్లో ఆ టీ దగ్గరి ఫొటో వెతికి చూశాను. నేను నవ్వుతున్నాను. నా పక్కన గుర్రం చెవులు వెనక్కి పెట్టి, కళ్లు అరమోడ్చి ఉంది. ఒక్క ఫొటో చూసి తేల్చెయ్యడానికి నేను డాక్టర్ని కాను. కానీ ఆ ఫొటో ఆ రోజు నేను స్టేటస్‌లో పెట్టినప్పుడు కింద రాసిన మాట నాకు గుర్తుంది. "ఎంత ప్రశాంతంగా ఉందో."

గాడిద సంగతి ఇంకా విచిత్రం. కడుపులో నొప్పి వస్తే గుర్రమైతే కాళ్లు నేలకేసి కొడుతుంది, పొర్లుతుంది. గాడిద చాలాసార్లు తల వాల్చి, మేత మానేసి, ఊరికే నిలబడి ఉంటుందంతే. దాన్ని చూసే మనం ఓర్పు అన్నాం, మొద్దు అన్నాం, చివరికి తిట్టుగా ఖాయం చేసుకున్నాం. మేత ముట్టకుండా నిలబడ్డ గాడిదను అర్జెంటు కేసుగా చూడాలని పశువైద్యులు చెబుతారు. అది చెప్పాల్సిన తీరులో చెబుతూనే ఉంది.

బండివాడు, దొర

ఈ కర్రకీ కాలికీ మధ్య తేడా కొత్తదేం కాదు. 1822లో రిచర్డ్ మార్టిన్ అనే ఐరిష్ సభ్యుడు బ్రిటిష్ పార్లమెంటులో పశువుల మీద క్రూరత్వానికి జరిమానా వేసే చట్టం నెగ్గించాడు. అంతకు ముందేడు గుర్రాలతో పాటు గాడిదలకూ రక్షణ కావాలనే మాట వస్తే సభ గొల్లున నవ్విందట. మార్టిన్ తక్కువ మనిషేం కాదు, పిస్తోళ్ల ద్వంద్వయుద్ధాలకు పేరుమోసినవాడు. చట్టం వచ్చాక తనే బజార్లమ్మట తిరిగి బండివాళ్లను పట్టి కోర్టుకి లాగేవాడు. శిక్షపడ్డవాళ్ల జరిమానా కొన్నిసార్లు తన జేబులోంచే కట్టేవాడని చెప్పుకుంటారు. నాకు ఆ మనిషిలో నచ్చింది ఈ ముక్కే. తను పట్టుకొచ్చినవాడి దగ్గర డబ్బు లేదని అతనికి తెలుసు.

అయితే ఆ చట్టం కిందకి వచ్చింది ఎవరు? బండి తోలేవాడు, పశువుల్ని సంతకి తోలుకెళ్లేవాడు. కుక్కల్ని వదిలి నక్కల్ని తరిమి చంపించే దొరల వేట జోలికి అది పోలేదు. ఇంగ్లండ్‌లో ఆ వేటను నిషేధించిన చట్టం 2004లో వచ్చింది. బండివాడి కర్రకీ దొర వినోదానికీ మధ్య 182 ఏళ్లు.

1824లో లండన్‌లో ఒక కాఫీ హౌసులో కూర్చుని జంతు సంక్షేమ సంఘం పెట్టినవాళ్లలో ఇద్దరి సంగతి చెప్పాలి. ఆర్థర్ బ్రూమ్ అనే ఫాదర్ చర్చి ఉద్యోగం మానుకుని ఆ సంఘం కోసం తిరిగి, సంఘం అప్పులకి తను జైలుకెళ్లాడు. రెండో ఆయన లూయిస్ గాంపర్ట్జ్. ఈయన గుర్రపు బండి ఎక్కేవాడు కాదు. ఊళ్లో అందరూ బండ్లలోనే తిరిగే రోజుల్లో, గుర్రానికి కష్టమని కాలినడకన వెళ్లేవాడు. చివరికి సంఘం క్రైస్తవులదే అనే తీర్మానం వచ్చి, యూదు కావడం వల్ల ఆయన పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది. జంతువుల మీద కరుణకి కూడా మనుషులు మతం అడ్డం పెట్టుకున్నారు, దాని గురించి వేరే రాయొచ్చు. నాకు కావలసింది ఆ నడక. రికాబులోంచి కాలు తీసేసిన మనిషి.

ఇంకొకరి కథ నాకు అంతకంటే ఇష్టం. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక బ్రిటిష్ సైన్యం తన గుర్రాల్లో వేలకొద్దీ ఈజిప్టులోనే అమ్మేసి వెళ్లిపోయింది. 1930లో డొరొతీ బ్రూక్ అనే సైనికాధికారి భార్య కైరో వచ్చేటప్పటికి అవి ముసలివై, ఎముకలు తేలి, రాళ్ల బండ్లు లాగుతున్నాయి. కళ్లెదుట ఉన్నది కైరో బండివాడు. అతన్ని తిట్టడం సులువు. ఆవిడ అది చేయలేదు. ఆ బండివాడికి తనకే తిండి లేదని, గుర్రాన్ని వదులుకుంటే పొట్ట గడవదని చూసింది. 1931లో ఇంగ్లండ్‌లోని ఒక పత్రికకు ఉత్తరం రాసింది. మన యుద్ధంలో పనిచేసిన గుర్రాలివి, వీటి గతి చూడండి, డబ్బు పంపండి అని. చందాలు వచ్చాయి. మూడేళ్లలో దాదాపు 5,000 గుర్రాల్ని యజమానులకు డబ్బిచ్చి కొన్నారు. చాలావాటికి నొప్పి తెలియకుండా ప్రాణం తీయడం తప్ప చేయగలిగిందేమీ లేకపోయింది. 1934లో కైరోలో పేదవాళ్ల గుర్రాలకీ గాడిదలకీ ఉచిత వైద్యశాల పెట్టింది. ఆవిడ గొంతు వెళ్లాల్సిన చోటికి వెళ్లిందని నాకనిపిస్తుంది, ఎక్కి స్వారీ చేసి, అమ్ముకుని, మరిచిపోయినవాళ్ల దగ్గరికి.

అడవిలో కాకులు

పనిచేసే జంతువుకి కనీసం ఒక యజమాని ఉంటాడు. అడవి జంతువు దగ్గరికి వచ్చేసరికి కాలు ఇంకా దూరం జరిగిపోతుంది, కర్ర ఒక్కటే కనబడుతుంది.

చాలా ఏళ్ల కిందట ఇంటర్నెట్‌లో ఒక వీడియో తిరిగింది. పెద్ద కళ్ల బుజ్జి జంతువు ఒకటి, ఎవరో చక్కిలిగింతలు పెడుతుంటే రెండు చేతులూ పైకెత్తి పడుకుని ఉంటుంది. స్లో లోరిస్, మన దేవాంగపిల్లికి చుట్టం. అప్పట్లో నేను దాన్ని మా మేనకోడలికి పంపాను, "నీలాగే ఉంది" అని. అది చేతులెత్తేది హాయికి కాదు. దాని మోచేతి లోపలి వైపు విషాన్నిచ్చే గ్రంథి ఉంది. భయపడ్డప్పుడు చేతులెత్తి ఆ గ్రంథిని నోటికి దగ్గర చేసుకుంటుంది, కరవడానికి సిద్ధంగా. వీటిని పెంచుకోవడానికి అమ్మేవాళ్లు, కరవకుండా ముందే గోళ్ల కట్టర్‌తో పళ్లు కత్తిరించేస్తారు. రాత్రిళ్లు తిరిగే జంతువు, అంత వెలుతురులో కళ్లు తెరుచుకుని ఉండటమే దానికి శిక్ష. స్లో లోరిస్‌ల అంతర్జాతీయ వ్యాపారాన్ని 2007లోనే నిషేధిత జాబితాలో చేర్చారు. చేర్చాక కూడా మనం ముద్దొస్తోందని పంచుకున్నాం. ఆ పళ్లు కత్తిరించినవాడు నాకు దొరికితే తిట్టడానికి చాలా మాటలు ఉన్నాయి. ఫార్వర్డ్ బటన్ నొక్కిన వేలిని ఏమనాలో తెలియడం లేదు.

ఉచ్చుల సంగతీ అంతే. సైకిలు బ్రేకు తీగ లాంటి తీగ ముక్క ఒకటి చాలు, ఉచ్చు తయారు. కంబోడియా, లావోస్, వియత్నాంల రక్షిత అడవుల్లో 1.23 కోట్ల ఉచ్చులు ఉంటాయని 2020లో వన్యప్రాణుల సంరక్షణ సంస్థ డబ్ల్యుడబ్ల్యుఎఫ్ అంచనా వేసింది. ఉచ్చుకి ఏ జంతువైనా ఒకటే. లేడి కోసం పెట్టిందాంట్లో పులి పడుతుంది. పడ్డది రోజుల తరబడి గింజుకుంటుంది, కొన్ని తమ కాలు తామే కొరుక్కుంటాయి. అటవీ సిబ్బంది తీసేకొద్దీ మళ్లీ కొత్తవి పుడతాయి, తీగ అంత చవక. ఉచ్చు పన్నినవాణ్ణి వేటగాడంటాం, పట్టుకుంటే జైల్లో పెడతాం. పట్టణంలో ఏసీ హోటల్లో కూర్చుని, అడవి మాంసం తినడం హోదా అనుకుని ఆర్డరిచ్చినవాణ్ణి "కస్టమర్" అంటాం.

ఏనుగు దంతాల అంతర్జాతీయ వ్యాపారం మీద నిషేధానికి దేశాలు ఒప్పుకున్నది 1989లో. చైనా తన దేశం లోపలి దంతపు దుకాణాలు మూసింది 2017 చివర్లో. మధ్యలో అన్నేళ్లూ తుపాకీ పట్టుకున్నవాడు దొంగ, బొమ్మ కొన్నవాడి చేతిలో రసీదు. ఈ లోపు ఏనుగులే ఒక దారి చూసుకున్నట్టుంది. మొజాంబిక్‌లో 1977 నుంచి 1992 దాకా సాగిన అంతర్యుద్ధంలో గొరొంగోసా పార్కు ఏనుగుల్లో దాదాపు 90 శాతం పోయాయి. యుద్ధానికి ముందు ఆడ ఏనుగుల్లో దంతాలు లేనివి ఐదింట ఒక వంతు కూడా లేవు, యుద్ధం అయ్యేసరికి సగానికి వచ్చాయి. దంతాలున్నవాటిని చంపుకుంటూ పోతే మిగిలేది లేనివే కదా.

నాకు నేనే అడ్డం

ఇదంతా నాకు తెలిసిన ఒక పశువైద్యురాలితో అన్నాను. ఆవిడ పనిచేసే జంతువుల మధ్యే ఇరవై ఏళ్లు గడిపింది. మొత్తం విని, "అయితే పుండు మీద జీను కట్టినవాడి తప్పేం లేదంటారా?" అంది. ముల్లుగర్రకి మేకు దిగ్గొట్టుకునేవాళ్లను చూసిందట. ఎద్దు లేవకపోతే తోక కణుపులు విరిగేదాకా మెలిపెట్టేవాళ్లను చూసిందట. ఇద్దరు అన్నదమ్ములకు ఒకే ఆదాయం, ఒకే బరువు, అయినా ఒకడి ఎద్దు మెడ నున్నగా ఉంటుంది, రెండోవాడిది ఎప్పుడూ పచ్చిపుండే అంది. "తోక మెలిపెట్టమని పేదరికం ఎవరికీ చెప్పదండీ."

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ అన్నదమ్ముల మాటతో నా వాదనలో కొంత భాగం నిజంగానే కూలింది. కర్ర పట్టుకున్న చేతికి తన వంతు తప్పు ఉంది. జీను కింద ఇంకో మడత గుడ్డ వేయడానికి టూరిస్టు అనుమతి అక్కర్లేదు. కుక్క తోకకి టపాకాయలు కట్టి నవ్వేవాళ్ల విషయంలోనైతే పొట్టకూటి సాకు కూడా లేదు, అక్కడ చట్టం నేరుగా వచ్చి చెయ్యి పట్టుకోవాల్సిందే.

నన్ను అంతకంటే ఎక్కువ ఇబ్బంది పెట్టే ప్రశ్న వేరే ఉంది. సరే, కాళ్లన్నీ రికాబుల్లోంచి దిగిపోయాయి అనుకుందాం. 2020లో నిజంగానే దిగిపోయాయి. కోవిడ్‌తో ప్రపంచం మొత్తం మీద ఒకేసారి టూరిస్టులు మాయమయ్యారు. జంతువులకు పండగేనా? థాయ్‌లాండ్‌లో సవారీ ఏనుగుల్ని మేపలేక మావటీలు వాటితోపాటు సొంత ఊళ్లకి నూట యాభై కిలోమీటర్ల దాకా నడిచి వెళ్లారు. పిరమిడ్ల దగ్గర గుర్రాలు, ఒంటెలు డొక్కలెండిపోయాయి. సగం దారిలో దిగి నడిచిన నా గొప్పతనం ఆ గుర్రానికి గుప్పెడు మేత కూడా పెట్టలేదని అప్పుడు అర్థమైంది. అందుకే, ఎక్కకండి అని ఊరుకుంటే చాలని నేను అనలేకపోతున్నాను. ఎక్కకపోతే ఆ పుండు మానేదాకా దాన్ని మేపే ఖర్చెవరిది? బ్రూక్ ఉత్తరంలో ఆ ఖర్చు లెక్క ఉంది. మన వాట్సాప్ తిట్లలో లేదు.

"మనుషులే చస్తుంటే జంతువుల గొడవేంటి" అనే మాట కూడా వస్తుంది. ఆ మాట అనేవాళ్లు మనుషుల కోసం ఏం చేస్తున్నారని అడిగితే సంభాషణ సాధారణంగా అక్కడితో అయిపోతుంది.

తాడు పట్టుకున్నవాళ్లు

కర్రనీ కాలినీ రెంటినీ కలిపి చూసిన సందర్భాలు ఉన్నాయి, అందుకే ఇదంతా రాస్తున్నాను. మన దేశంలో ఎలుగుబంట్లను ఆడించడం 1972 వన్యప్రాణి చట్టంతోనే నేరమైంది. అయినా దశాబ్దాల పాటు ఆట సాగింది. పిల్ల ఎలుగుని గుహలోంచి ఎత్తుకొచ్చి, కాల్చిన సూదితో మూతికి బెజ్జం పొడిచి తాడు దూర్చేవాళ్లు, పళ్లు ఊడగొట్టేవాళ్లు. తాడు లాగితే ఆ గాయం మంటకి అది లేచి ఎగిరేది. దాన్నే మనం డాన్సు అన్నాం, చిల్లర వేశాం. తాడు పట్టుకున్నది కలందర్లు, తరతరాలుగా వేరే పనే తెలియనివాళ్లు. వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ లాంటి సంస్థలు ఎలుగుని తీసుకున్నప్పుడు ఆ కుటుంబానికి ఇంకో బతుకుతెరువు చూపించడం, పిల్లల్ని బడికి పంపడం మొదలుపెట్టాక సంగతి మారింది. 2009లో ఆఖరి ఆట ఎలుగును అప్పగించారు. 1972కీ 2009కీ మధ్య 37 ఏళ్లు మన దగ్గర చట్టం ఉంది, కోపం ఉంది. లేనిదల్లా తాడు వదిలేసినవాడు రేపేం తింటాడన్న ఆలోచన.

గాడిదల విషయంలోనైతే కర్ర పట్టుకున్నవాళ్లే నోరు విప్పారు. గాడిద తోలు మరిగించి తీసే జిగురుతో చైనాలో ఎజియావో అనే టానిక్ చేస్తారు. అక్కడ 1990ల మొదట్లో 1.1 కోట్లున్న గాడిదలు 20 లక్షలకు పడిపోయేసరికి తోళ్ల కోసం ఆఫ్రికా మీద పడ్డారు. గాడిదల సంక్షేమం చూసే డాంకీ శాంక్చురీ అనే సంస్థ అంచనా ప్రకారం ఏడాదికి కనీసం 59 లక్షల గాడిదలు ఈ తోలు కోసమే చస్తున్నాయి. రాత్రి కట్టేసిన గాడిద తెల్లారేసరికి ఉండదు. ఊరి బయట తోలొలిచిన కళేబరం దొరుకుతుంది. గాడిద పోతే ఆ ఇంట్లో నీళ్లు మోసేది ఆడవాళ్లు, బడి మానేసి పిల్లలు. కెన్యాలో గాడిదల యజమానులు కబేళాలకు వ్యతిరేకంగా నిరసనలకు దిగారు. 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికన్ యూనియన్ ఖండమంతటా తోలు కోసం గాడిదల్ని చంపడాన్ని నిషేధించడానికి ఒప్పుకుంది. ఆ యజమానుల్లో గాడిదను కొట్టినవాళ్లు ఉండరా? ఉంటారు. అయినా దాని విలువ వాళ్లకి తెలిసినంతగా నాకు తెలియదు. టానిక్ తాగేవాడికి అసలు తెలియదు.

కొండ విషయానికి వస్తే, నేను ఆ కొండ చూసుకునే ఆఫీసుకి మూడు ఉత్తరాలు రాశాను. కింద టికెట్టు కిటికీ దగ్గర బరువు తూచే మెషీను ఒకటి పెట్టండి, బరువెక్కువ ఉన్నవాళ్లని నడవమనండి, పుండు పడ్డ గుర్రానికి సెలవిస్తే యజమానికి టికెట్ల డబ్బులోంచి మేత ఖర్చివ్వండి అని. మొదటి దానికి ఒక రిఫరెన్స్ నంబరు వచ్చింది. మిగతా రెంటికీ అదీ రాలేదు. నాలుగోది రాస్తాను.

ఇక వీడియో సంగతి. ఆ రాత్రి గ్రూపులో నా పాత మెసేజ్ తీసేసి, కొత్తది పెట్టాను. "ఎడమ పక్కన కాలు చూశారా? నేను ఇలాంటి గుర్రం ఎక్కినప్పుడు నా బరువు 84 కిలోలు" అని. చాలాసేపు ఎవరూ పలకలేదు. తర్వాత ఒకాయన, "పాపం ఆయన నడవలేని మనిషేమో, మనకేం తెలుసు" అన్నాడు. నిజమే, తెలియదు. కర్ర పట్టుకున్నాయన గురించి ఆ "పాపం" పొద్దుటి నుంచీ ఎవరికీ తట్టలేదు. ఇంకొకరు టాపిక్ మార్చి క్రికెట్ స్కోరు పెట్టారు. ఊపిరి పీల్చుకున్నట్టు అందరూ దానికి వెళ్లిపోయారు.

పన్నెండు దాటాక ఒకబ్బాయి దగ్గర్నుంచి విడిగా మెసేజ్ వచ్చింది. పొద్దున ఉరి తీయాలన్నది అతనే.

"అన్నా, నాది 92."